ఉప్పుజాడీ ఎందుకు చెమ్మగిల్లిందో చెప్పే చాప్టర్‌ని పిల్లలకి లేకుండా చేశారు

ఎడిటర్ గారికి నమస్కారమండి.

నేను గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరై నరసరావుపేటలో ఉంటున్నాను. మీ పేపరు మా ఇంటికి ఎప్పట్నుంచో వస్తుంది, అందులో చదువు పేజీ ఇప్పటికీ మొదట్నుంచి చివరిదాకా చదువుతాను, కానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదే అయింది, చోటు లేకపోతే కత్తిరించండి కానీ సున్నం గురించీ శనక్కాయ చేల గురించీ రాసిన ముక్కలు మాత్రం ఉంచండి, దయచేసి.

మొన్న ముసురు పట్టిన వారంలో మా పక్కింటి అమ్మాయి గిన్నె పట్టుకుని ఉప్పు కోసం వచ్చింది. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతుంది, నన్ను తాతయ్యా అంటది. మా ఇంట్లో కల్లుప్పు పింగాణీ జాడీలో పోసి ఉంచుతాం, మూత తీసి చూస్తే పైన రాళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దైపోయినయ్, గరిటె దించితే అడుగున చారెడు నీళ్ళు. ఆ పిల్ల చూసి "తాతయ్యా, ఇందులో ఎవరూ నీళ్ళు పొయ్యలేదు కదా, మరి ఈ నీళ్ళు ఎక్కడివి, మా ప్యాకెట్ ఉప్పు ఇట్లా అవదేంటి" అంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను, ముప్పై ఏళ్ళలో క్లాసులో ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. "మీ బుక్‌లోనే ఉంటది కదమ్మా, ఎస్-బ్లాక్ తియ్యి" అన్నాను. "ఆ చాప్టర్ మాకు లేదు తాతయ్యా, ఎంట్రన్స్‌లో రాదంట, వదిలెయ్యమన్నారు సార్" అని చెప్పి ఉప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదండి. సంగతి నాకు తెలియంది కాదు. 2022లో, కేంద్రం తరఫున స్కూలు పుస్తకాలు తయారుచేసే ఎన్సీఈఆర్టీ వాళ్ళు కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని పదకొండో తరగతి కెమిస్ట్రీ పుస్తకంలోంచి ఎస్-బ్లాక్, హైడ్రోజన్, పదార్థ స్థితులు, పర్యావరణ రసాయనం ఇవన్నీ చాప్టర్లకి చాప్టర్లే తీసేశారు. 2024 వచ్చేసరికి జేఈఈ మెయిన్, నీట్ సిలబస్‌లోంచి కూడా ఎస్-బ్లాక్ పోయింది. ఇంక ఎంట్రన్స్‌లో రాని చాప్టర్ని మన దగ్గర చెప్పేదెవరండి, ఏ పుస్తకంలో ఉన్నా అది అట్టకీ అట్టకీ మధ్య పడుండటమే. కానీ ఆ పిల్ల నోట్లోంచి "లేదు" అనే మాట విన్నాక, నేను జీవితంలో ఎక్కువ ఇష్టంగా చెప్పిన పాఠం నా కళ్ళముందే చచ్చిపోయినట్టు అనిపించింది.

అసలు ఎస్-బ్లాక్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను, చదువు మానేసి చాలా కాలమైనవాళ్ళకి కూడా అర్థమవుద్ది. ఆవర్తన పట్టికలో ఎడమ చివర రెండు నిలువు వరసలుంటాయి, మొదటి దాంట్లో లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీసియం, ఫ్రాన్షియం, రెండో దాంట్లో బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. మొదటి వరసవాటికి అన్నిటికంటే బయట, ఎలక్ట్రాన్లుండే ఎస్ అనే అరలో, అంటే ఎస్ ఆర్బిటాల్‌లో, ఒకటే ఎలక్ట్రాన్ ఉంటది, రెండో వరసవాటికి రెండు. తతంగమంతా ఈ ఒకటీ రెండు ఎలక్ట్రాన్ల దగ్గరే ఉంది. సోడియం నుంచి ఆ మొదటి ఎలక్ట్రాన్ లాగెయ్యడానికి, పరమాణువుల్ని లెక్కించే కొలత అయిన మోల్‌కి 496 కిలోజౌళ్ళు చాలు, రెండోది లాగాలంటే 4562 కావాలి, తొమ్మిది రెట్లు. అందుకే సోడియం ప్రపంచంలో ఎక్కడ చూసినా ఆ ఒక్క ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఒక్క ప్లస్‌తోనే కనబడుద్ది, అది సముద్రంలో కానివ్వండి మన రక్తంలో కానివ్వండి. వరసలో కిందకి పోయేకొద్దీ పరమాణువు పెద్దదవుద్ది, బయటి ఎలక్ట్రాన్ మీద లోపలి పట్టు తగ్గుద్ది, లిథియానికి 520 అయితే సీసియానికి 376 చాలు.

రెండో వరసలో కాల్షియం సంగతి ఇంకా బాగుంటది. మొదటి ఎలక్ట్రాన్‌కి 590, రెండో దానికి 1145. ఇంత ఖర్చు పెట్టి రెండూ ఎందుకిస్తుంది, ఒకటిచ్చి ఊరుకోవచ్చు కదా అని అడిగేవాణ్ణి పిల్లల్ని. రెండు ప్లస్‌లున్న, అంటే ఎలక్ట్రాన్లు పోయి ఛార్జి మిగిలిన, చిన్న అయాన్‌ని నీళ్ళు గానీ స్ఫటికం గానీ ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, అప్పుడు బయటికొచ్చే శక్తి ఆ ఖర్చంతా తీర్చేసి ఇంకా మిగులుద్ది, అదీ సంగతి. ఈ ఒక్క ప్రశ్న మీద క్లాసు పావుగంట నడిచేది, పిల్లలే వాదించుకునేవాళ్ళు.

మొదటి వరస లోహాలు మనకి లోహాల్లా కూడా అనిపించవు. ఒక్కో పరమాణువు లోహబంధానికి ఇచ్చేది ఒకే ఎలక్ట్రాన్ కాబట్టి బంధం బలహీనం, సోడియం చాకుతో కోస్తే తెగుద్ది. సోడియం 98 డిగ్రీల దగ్గర కరుగుద్ది, పొటాషియం 63 చిల్లర, రుబీడియం 39, సీసియం 28న్నర. అంటే మన పల్నాడులో మే నెల మధ్యాహ్నం సీసియం ఉన్న గాజు గొట్టాన్ని కిటికీలో పెడితే బంగారు రంగు నీళ్ళలా అటూ ఇటూ పారుద్ది, రుబీడియం కూడా కరుగుద్ది.

మా ల్యాబ్‌లో సీసియం ఎందుకుంటది గానీ సోడియం ఉండేది. గోధుమరంగు సీసాలో కిరసనాయిల్లో మునిగి, పైన తెల్లగా బూజు పట్టినట్టు పెంకు కట్టి, చూడ్డానికి పాత సబ్బుముక్కలా ఉంటది. పట్టకారుతో తీసి వడపోత కాగితం మీద అద్ది, చాకుతో ఒక పక్క చెక్కితే లోపల వెండి. అంత తళుకు వెండిగిన్నెకి కూడా ఉండదు. పిల్లలు నా చుట్టూ మూగి "సార్ సార్" అంటుంటే వాళ్ళ కళ్ళముందే, మాట పూర్తయ్యేలోపు, ఆ తళుకు మసకబారేది. అక్కడే చెప్పేవాణ్ణి, చూడండ్రా గాలికే ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది అని. తర్వాత పెసరగింజంత ముక్క, క్షారం తగిలితే గులాబీ రంగుకి మారే ఫినాఫ్తలీన్ వేసిన నీళ్ళలో వేస్తే అది కరిగి గుండ్రటి పూసయ్యి, బుస్సుమంటా నీళ్ళ మీద పరిగెత్తేది, వెనకాల గులాబీ రంగు గీత గీసుకుంటా పోయేది. పొటాషియం అయితే పరిగెత్తడంతో ఆగదు, ఊదారంగు మంట లేచుద్ది. లిథియం నెమ్మదిగా బుడగలు వదులుతా కూర్చుంటది. అదే వరస, కిందకి పోయేకొద్దీ ఉధృతం, పిల్లలు పట్టిక బట్టీ పట్టక్కర్లేకుండానే కళ్ళతో చూసేవాళ్ళు. ఒకసారి ఒక కాలేజీలో నేను సెలవులో ఉన్నప్పుడు తాళం వెయ్యని బీరువాలోంచి ఒక కుర్రాడు పెద్ద ముక్క తీసి సింకులో వేశాడు, సింకు పగిలింది, వాడి చెయ్యి కాలింది, దేవుడి దయవల్ల కళ్ళకేం కాలేదు. ఆ తర్వాత ఆ కాలేజీలో సోడియం సీసానే లేకుండా చేశారు. బీరువాకి తాళం వేస్తే సరిపోయేదానికి పాఠం తీసేశారు, నాకు ఇప్పటికీ బాధే.

ఇక మా పిడుగురాళ్ళ. ఇక్కడి సున్నం బట్టీలు తెలియనివాళ్ళుండరు. సున్నపురాయి, బొగ్గు వరసలు వరసలుగా పేర్చి కాలిస్తే 900 డిగ్రీల దగ్గర రాయి విడిపోతుంది, 100 కిలోల మంచి రాయి కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోయి 56 కిలోల సున్నం మిగులుద్ది. బట్టీ దించే మనిషి కాలిన ముక్క చేత్తో ఎత్తి బరువు చూసి చెప్పేస్తాడు కాలిందో లేదో, తేలిగ్గా ఉంటే కాలింది, బరువుంటే లోపల ఇంకా రాయే. ఆయనకి తెలిసిన విద్యే ఇది, దీనికి కారణం ఆయన కొడుకు ఇంటర్‌లో చదువుకోవాలి కదా. ఆ 900 కూడా ఊరికే వచ్చింది కాదు, అదే రెండో వరసలో మెగ్నీషియం కార్బొనేట్ అయితే 540 దగ్గరే విడిపోతుంది, స్ట్రాన్షియం కార్బొనేట్‌కి 1290, బేరియానికి 1360. అయాన్ చిన్నదైతే కార్బొనేట్‌ని అంత ఎక్కువగా గుంజి వదులు చేసేస్తుంది, పెద్దదైతే గుంజదు. దేవుడు మన కొండల్లో కాల్షియం బదులు బేరియం పెట్టుంటే పిడుగురాళ్ళలో ఎంత బొగ్గు కావాల్సొచ్చేదో ఆలోచించండి.

నా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు మా నాన్న రాళ్ళసున్నం తెచ్చి కుండలో వేసి నీళ్ళు పోసేవాడు. ముందు కాసేపు ఏమీ ఉండదు, తర్వాత రాయి చిటపటమని పగిలి, విచ్చుకుని, నీళ్ళు కుతకుతా ఉడికేవి, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, కంట్లో పడితే చూపు పోతుందని. పొయ్యి లేదు, మంట లేదు, కుండ మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలేది. బట్టీలో మింగిన వేడిలో కొంత ఇక్కడ తిరిగి కక్కుతుంది. ఆ తడిసున్నం గోడకి పూస్తే మొదట నీరు నీరుగా, మాసినట్టు కనబడి, రోజులు గడిచేకొద్దీ తెల్లగా తేలేది, అంటే గాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని మళ్ళీ పట్టుకుని రాయి అయిపోయేది. కొండలో రాయి బట్టీలో సున్నమై, కుండలో ఉడికి, గోడ మీద మళ్ళీ రాయైంది. ఇంత అందమైన పాఠం కెమిస్ట్రీలో ఇంకోటి నాకు కనబడలేదండి. దిష్టి తియ్యడానికి మన ఆడవాళ్ళు పసుపునీళ్ళలో చిటికెడు సున్నం వేసి ఎర్రనీళ్ళు చేస్తారు చూడండి, అదీ ఇదే, సున్నం క్షారం కాబట్టి పసుపు ఎర్రబడుద్ది, లిట్మస్ కాగితం కొనక్కర్లేని ల్యాబ్ ప్రతి ఇంట్లో ఉంది. ఈ రెండో వరసకి క్షార మృత్తిక లోహాలు అని పేరు బట్టీ కొట్టిన పిల్లల్ని ఎర్రనీళ్ళ గురించి అడిగితే మొహమొహాలు చూసుకుంటారు.

అట్నుంచి రైల్వే కోడూరు దగ్గర మంగంపేట పోదాం. అక్కడి ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పేరున్నవి. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. మామూలు రాయిలా కనబడుద్ది గానీ చేత్తో ఎత్తితే బరువు తెలుస్తుంది, నీళ్ళకంటే నాలుగున్నర రెట్లు బరువు, అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు దీని పొడి కలిపిన బురద లోపలికి పంపిస్తారు, కింద నుంచి గ్యాసూ నూనే ఎగదన్నకుండా ఆ బరువు అణిచిపెడుతుంది. ఇక్కడే ఒక వింత చెప్పాలి. బేరియం మనిషికి విషం, బేరియం కార్బొనేట్‌ని ఎలకల మందుగా వాడేవాళ్ళు, కడుపులో యాసిడ్‌కి అది కరిగి రక్తంలోకి పోతుంది. అదే బేరియాన్ని ఆసుపత్రిలో కడుపు ఎక్స్‌రే తీసే ముందు గ్లాసుడు తెల్లటి ద్రవంగా తాగిస్తారు, మనిషికి ఏం కాదు, ఎందుకంటే అది సల్ఫేట్, నీళ్ళలోనూ కరగదు కడుపులో యాసిడ్‌లోనూ కరగదు, ఎట్లా పోయింది అట్లా బయటికొచ్చేస్తుంది. రెండో వరసలో సల్ఫేట్లు కిందకి పోయేకొద్దీ కరగడం తగ్గిపోతుంది, మెగ్నీషియం సల్ఫేట్ హాయిగా కరుగుద్ది, కాల్షియం సల్ఫేట్ కాస్తో కూస్తో, బేరియం దగ్గరకొచ్చేసరికి దాదాపు సున్నా. పాఠ్యపుస్తకంలో అది ఒక లైను, రెండు మార్కులు. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ లైనే ప్రాణం. దీపావళి మందుల్లో ఆకుపచ్చ రంగు కోసం వేసే బేరియం లవణాల్ని 2018లో సుప్రీంకోర్టు వద్దందంటే కారణం కూడా ఆ విషమే, మండి పొగైతే అది మన ఊపిరితిత్తుల్లోకే కదా వచ్చేది.

రైతుల సంగతికొస్తాను, నాది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఇది కొంచెం ఎక్కువ రాస్తానేమో. చౌడు నేల అంటే మన పల్లెల్లో అందరికీ తెలుసు, వానపడితే నీళ్ళు ఇంకవు, ఎండితే పైన తెల్లగా పొర తేలుద్ది, విత్తనం మొలవదు. పూర్వం చాకలివాళ్ళు ఆ చౌడుమట్టే తెచ్చి నానబెట్టి ఆ నీళ్ళతో బట్టలు ఉడకబెట్టేవాళ్ళు, ఎందుకంటే అందులో ఉండేది సోడా, సోడియం కార్బొనేట్. అంటే బట్ట తెల్లబరిచే సోడియమే చేను చెడగొడుతుంది. మట్టి రేణువుల మీద మైనస్ ఛార్జి ఉంటది, దాన్ని అంటుకునుండే అయాన్ సోడియమైతే దానికి ఒకటే ప్లస్, పైగా చుట్టూ నీళ్ళని కప్పుకుని లావుగా ఉంటది, రేణువుల్ని దగ్గరికి లాగలేదు, అవి విడివిడిగా చెదిరి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్ళు పైనే నిలబడతాయి. అలాంటి చేలో జిప్సం చల్లమంటారు వ్యవసాయాధికారులు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. కాల్షియానికి రెండు ప్లస్‌లు, సోడియాన్ని నెట్టేసి దాని జాగాలో కూర్చుని రేణువుల్ని గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా కలుపుద్ది, మట్టి గుల్లబారుద్ది, వదిలిన సోడియం, సల్ఫేట్‌తో కలిసి నీళ్ళలో కొట్టుకుపోతుంది, అందుకే జిప్సం వేసి నీళ్ళు నిలగట్టి తియ్యమని చెప్తారు. నీళ్ళు తియ్యకుండా జిప్సం ఒక్కటే వేసి లాభం లేదన్న రైతుల్ని నేను చూశాను, ఆ మాట ఎవరైనా విడమర్చి చెప్పుంటే ఆ డబ్బు దండగయ్యేది కాదు.

శనక్కాయకి జిప్సం వేసేది మళ్ళీ వేరే కారణానికి. అనంతపురం రైతుకి తెలుసు, ఊడలు దిగే టైముకి ఎకరానికి 200 కిలోలు మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోస్తారు. ఎందుకంటే కాల్షియం మొక్కలో వేరు నుంచి ఆకుకి ఎక్కుద్ది గానీ ఆకు నుంచి మళ్ళీ కిందకి దిగదు, భూమిలో ఉన్న కాయ తనకి కావాల్సిన కాల్షియాన్ని తొక్కలోంచే చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకోవాలి. దొరక్కపోతే కాయ కనబడుద్ది, పగలగొడితే లోపల గింజ ఉండదు, పప్పు పట్టలేదంటారు. పొటాషియం అలా కాదు, అది మొక్కలో ఎక్కడికంటే అక్కడికి పోతుంది. పక్కపక్క వరసల్లో ఉన్న రెండు మూలకాల మధ్య ఇంత తేడా ఉందని చేలో నిలబడి చెప్తే ఏ పిల్లాడు మర్చిపోతాడు చెప్పండి.

నల్గొండ ఫ్లోరైడ్ సంగతి కూడా ఈ పాఠంలోదే. గ్రానైట్ రాళ్ళలోంచి వచ్చే ఫ్లోరైడ్‌ని కాల్షియం పట్టుకుంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి దిగిపోవాలి, అది దాదాపు కరగదు. కానీ భూగర్భజలంలో కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేట్ ఎక్కువైతే పట్టుకునేవాళ్ళు లేక ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళ ఒంట్లో ఎముకల్లో ఉన్న కాల్షియం దగ్గరికి చేరుద్ది. ఆ మనుషుల నడుములు ఎలా వంగిపోయాయో నేను చూశాను, దాని గురించి ఎక్కువ రాయలేను. పటిక, సున్నం వేసి ఆ నీళ్ళు బాగుచేసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు తయారుచేశారు, దాని పేరే నల్గొండ టెక్నిక్, ప్రపంచమంతా పుస్తకాల్లో మన జిల్లా పేరుతో ఉంది, మన పిల్లలకి మాత్రం తెలియదు.

గుంటూరు గురించి ఒక్కమాట. పప్పు పొంగి పొయ్యి మీద పడితే గ్యాస్ మంట నీలం నుంచి పసుప్పచ్చగా మారుద్ది కదా, అది ఉప్పులో సోడియం. వేడికి బయటి ఎలక్ట్రాన్ పైకెక్కి దిగుతా వదిలే వెలుగు అది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి సూర్యుడి అంచు వెలుగుని వర్ణపటంలో పరీక్షించాడు. ఆ గ్రహణంలో కనబడిన పసుపు గీతని ముందు సోడియందే అనుకున్నారు, దగ్గరగానే ఉంటది గానీ దానితో కలవదు, ఇంగ్లండ్ శాస్త్రవేత్త లాకియర్ అది కొత్త మూలకమని పట్టుకున్నాడు, అదే హీలియం. ఇంకో చిత్రం, ఆ హీలియానికి ఉన్న రెండు ఎలక్ట్రాన్లూ ఎస్‌లోనే, లెక్కప్రకారం ఎస్-బ్లాక్‌లో ఉండాలి, గుణం చూసి కుడి చివర జడవాయువుల్లో కూర్చోబెట్టారు. 1920లో మేఘనాథ్ సాహా సూర్యుడి పైపొరల్లో కాల్షియం గీతలు ఎందుకలా ఉన్నాయో అయొనైజేషన్ ఎనర్జీతో, అంటే ఎలక్ట్రాన్ లాగెయ్యడానికయ్యే శక్తితో, లెక్కకట్టి చెప్పారు, పైన నేను రాసిన ఆ 590, 1145 అంకెలే నక్షత్రాల వేడి కొలిచే కొలబద్దలయ్యాయి. ఆ అంకెల్నే మనం పిల్లల మీద భారం అంటున్నాం.

లిథియం గురించి వేరే రాయక్కర్లేదు, జేబులో ఫోన్ ఉన్న ప్రతివాడూ మోసుకు తిరుగుతున్నాడు, 2019లో నోబెల్ కూడా దాని బ్యాటరీకే వచ్చింది. వరసలో అందరికంటే చిన్నది, తేలికది, కిరసనాయిల్లో వేస్తే తేలుద్ది కాబట్టి మైనంలో చుట్టి పెట్టాలి, గుణాల్లో తన కిందున్న సోడియంకంటే ఏటవాలుగా ఉన్న మెగ్నీషియానికే దగ్గర. మన ఒంట్లో చూసుకుంటే 70 కిలోల మనిషిలో కాల్షియం 1200 గ్రాములు, పొటాషియం 170, సోడియం 90, మెగ్నీషియం 25 దాకా ఉంటాయి, అందరూ మాట్లాడే ఐరన్ 5 గ్రాములే. ప్రతి కణం పైపొరలో ఒక పంపు మూడు సోడియంలని బయటికి తోసి రెండు పొటాషియంలని లోపలికి లాగుతా పగలూ రాత్రీ పనిచేస్తుంది, దాని మీదే నరాలు, గుండె నడుస్తున్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని కొబ్బరినీళ్ళు తాగొద్దంటారు, అందులో పొటాషియం ఎక్కువ, బయటికి పంపలేని మనిషికి అది గుండె మీదకొస్తుంది. ఇవన్నీ మెడిసిన్ చదవబోయే పిల్లలకి అక్కర్లేనివా, నీట్‌లోంచి ఎలా తీశారండి.

నాతో పనిచేసిన కొందరు లెక్చరర్లు ఇలా అంటారు, "సోడియం ఉప్పు సంగతి పదోతరగతిలోపే వచ్చేసింది, ఇంటర్‌లో చాప్టర్ అంతా మినహాయింపుల బట్టీయే, పోతే పోయింది". ఆ మాటలో కొంత నిజముంది, కాదనను. పొటాషియం సోడియంకంటే తేలిక ఎందుకు, బెరీలియం, మెగ్నీషియం మంటకి రంగెందుకివ్వవు అని బిట్ల మీద బిట్లు తయారుచేసి, పొడి అక్షరాలతో పాట కట్టి పాడించి, ఆ చాప్టర్ని అట్లా చేసింది మనమే. మీరు కోపం తెచ్చుకోవద్దు, మీ చదువు పేజీలో కూడా ఏళ్ళ తరబడి ఎస్-బ్లాక్ అంటే యాభై బిట్లు, కింద తలకిందులుగా జవాబులు, అంతే వచ్చేది. చెప్పిన తీరు బాగాలేకపోతే తీరు మార్చాలి గానీ పాఠాన్నే తీసేస్తారా. కర్బన రసాయనంలో ఒక్కో చర్యకి ఒక్కో సాహెబు పేరు గుర్తుపెట్టుకునేది భారం కానప్పుడు ఉప్పు, సున్నం, జిప్సం భారమెట్లా అయినయ్యో నాకు అర్థం కాలేదు.

నేను అడిగేది ఏమంటే, రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ ఎంట్రన్స్‌తో సంబంధం లేకుండా ఈ చాప్టర్ని ప్రాక్టికల్స్‌తో కలిపి చెప్పించాలి, మార్కులు తక్కువ పెట్టినా సరే. మంట పరీక్షకి పెద్ద ఖర్చు లేదు, ఒక బర్నరు, ఒక తీగ, ఐదారు లవణాలు. ఎన్సీఈఆర్టీ కొత్త పుస్తకాలు రాసేవాళ్ళకి కూడా మన యూనివర్సిటీల కెమిస్ట్రీ పెద్దలు గట్టిగా రాయాలి, నేనొక రిటైర్డ్ లెక్చరర్ని రాస్తే ఎవరు చదువుతారు. మీరు మాత్రం వేసవి సెలవుల్లో వారానికొకసారి చదువు పేజీలో పావుపేజీ ఇవ్వండి, ఒక వారం సున్నం, ఒక వారం ముగ్గురాయి, ఒక వారం చౌడు, రాసేవాళ్ళు లేకపోతే నేను రాసిస్తాను, డబ్బులేం వద్దు, బిట్లు మాత్రం అడగొద్దు.

ఆ పక్కింటి అమ్మాయికి జవాబు మర్నాడు చెప్పాను. చినగంజాం వైపు ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్ళు ఎండేటప్పుడు ముందు సున్నపు పొర దిగుద్ది, తర్వాత జిప్సం, ఆ తర్వాత ఉప్పు, చిట్టచివరికి మెగ్నీషియం లవణాలు చేదునీళ్ళలో మిగిలిపోతాయి, కరగడంలో ఒక్కోదాని బలం ఒక్కోటి కాబట్టి వరసలో దిగుతాయి. ఆ చేదునీళ్ళు పూర్తిగా తియ్యకపోతే మెగ్నీషియం క్లోరైడ్ రాళ్ళ మీద ఉండిపోతుంది, చిన్న అయాన్, రెండు ప్లస్‌లు, ముసురు గాల్లో తేమని గుంజి తనే నీళ్ళయిపోతుంది. ప్యాకెట్ ఉప్పులో దాన్ని కడిగేసి, గడ్డకట్టకుండా మందు కూడా కలుపుతారు. అంతా విని ఆ పిల్ల మా జాడీ అడుగున ఉన్న నీళ్ళు చుక్క వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని "అవును తాతయ్యా, ఉప్పుతో పాటు చేదుగా ఉంది" అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
నరసరావుపేట